కొల్లేటి నీటికొక పద్దు పుస్తకము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామమున ఇరువదియైదేండ్లు గ్రంథాలయము నిలిచినదన్న, అచట వ్రాతయందు విశ్వాసము నిలిచినదనియే యర్థము. ఆ విశ్వాసమే యాధారముగా, పద్దులు వ్రాసి బ్రతుకువాడనగు నేను కొల్లేటి నీటిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

దండి మహాకవి దశకుమార చరిత్రమున ఆంధ్రనగర సమీపమున వర్ణించిన మహాసరస్సు కొల్లేరేయని పలువురు పండితుల యభిప్రాయము. 1999లో ప్రభుత్వము దీనిని అభయారణ్యముగా ప్రకటించినది. 308 చదరపు కిలోమీటర్లు అందులో చేరినవి. 2002లో ఇది రామ్‌సార్ ఒడంబడిక పట్టికకెక్కినది. 2006లో హద్దులలోని చేపల చెరువుల గట్లను తొలగించిరి. అయిదవ కాంటూరా, మూడవ కాంటూరా యను వాదము వినని బాలుడు మన యూర లేడు. హద్దును గూర్చి ఇంత వాదించితిమి. హద్దులోని నీటి విషయమున మాత్రము కాకిలెక్కలతో సరిపెట్టుకొనుచున్నాము.

అమరకోశపు వారివర్గమున తేటనీటికి ప్రసన్నము, అచ్ఛము అనియు, మురికినీటికి కలుషము, ఆవిలము అనియు పేర్లు కలవు. కంటికి కనబడు భేదమునకు అవి చాలును. కాని తేటనీటియందును చేప ఊపిరాడక చచ్చుట కలదు. నీట కరగిన ప్రాణవాయువు కంటికి కనబడదు గదా! వన్యప్రాణులకును మత్స్యములకును తగిన నీటిలో అది లీటరునకు 4 మిల్లీగ్రాములకు తగ్గరాదనియు, పీహెచ్ అనెడి సూచిక 6.5కును 8.5కును నడుమ నుండవలెననియు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారి ప్రమాణము.

కొలత యొక్కటియే చాలదు. కొలుచు వేళయు ముఖ్యము. పగటి యెండలో నాచును నీటిమొక్కలును ప్రాణవాయువును విడచును. రాత్రి అవియు చేపలతోపాటు దానినే పీల్చును. కావున తెల్లవారుజామున అది మిక్కిలి తక్కువగను, మధ్యాహ్నము దాటిన పిదప మిక్కిలి హెచ్చుగను ఉండును. రెండు గంటలకు నమూనా తీసిన యధికారికి నీరు నిర్దోషమని తోచును. వేకువన వల తీయు జాలరికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుట కనబడును. ఇరువురు చూచినదియు నిజమే. వేళ వ్రాయకపోవుటచే రెండు నిజములు ఒక తగవైనవి.

రెండవది పరిమాణము. ధర వ్రాసి తూకము వ్రాయని పద్దు పద్దు కాదు. లీటరునకు ఒక మిల్లీగ్రామనగా ఘనపు మీటరునకు ఒక గ్రాము. ఒక కాలువ వేసవిలో సెకనుకు 1 ఘనపు మీటరు పారుచు, లీటరునకు 5 మిల్లీగ్రాముల నత్రజనిని తెచ్చినదనుకొందము. దినమునకు 432 కిలోలగును. వరదలో అదియే 10 ఘనపు మీటర్ల చొప్పున పారుచు 2 మిల్లీగ్రాములే తెచ్చినచో 1,728 కిలోలగును. నీరు పలుచనైనదని మనము సంతసించిన నాడే నాలుగింతలు సరస్సున పడినది! 2024 సెప్టెంబరులో విజయవాడ పేటలను ముంచిన బుడమేరు చేరు తావు కొల్లేరేయని మరువరాదు.

1984లో కరణీకములు రద్దగువరకు మా పెద్దలు అడంగలు వ్రాసిరి. ఏటేట అదే సర్వే నంబరు క్రింద వ్రాయుటచేతనే ఒక యేటి పైరును మరియొక యేటి పైరుతో పోల్చుట సాధ్యమైనది. నీటికిని అట్టి స్థిరమైన గుర్తు కావలెను. బుడమేరు, తమ్మిలేరు కలియు చోట్లు, సరస్సు నడుమ, ఆటపాకలో గూడబాతుల తావు, ఉప్పుటేరు మొదలు: అటవీశాఖవారి యనుమతితో ఈ యైదింట నెలకొకమారు, వేకువన ఒకసారియు మధ్యాహ్నము ఒకసారియు కొలువవలెను. తొలి వరదనాడును, చెరువుల నీరు వదలు దినములందును అదనముగా కొలువవలెను. అంకె ప్రక్కన నీటిమట్టము, ప్రవాహము, వేళ యుండవలెను. వేసవిలో ఉప్పుటేటి గుండ ఉప్పునీరు ఎగదన్నును గనుక ఉప్పదనమును వ్రాయవలెను. ప్రాణవాయువు పరీక్షకు తీసిన నీటిని పడవలోనే మందు కలిపి స్థిరపరుపనిచో దారిలో అంకె మారిపోవును.

ఇందు బాలురు చేయదగిన పనియు కలదు. సెచ్చి యను ఇటలీ శాస్త్రజ్ఞుడు 1865లో తెల్లని పళ్లెమును సముద్రమున దింపి, అది కనుమరుగగు లోతును బట్టి నీటి తేటను కొలిచెను. త్రాడును పళ్లెమును మన పాఠశాలకు భారము కావు. పళ్లెము కనుమరుగు కాకమునుపే బురద తగిలినచో అట్లే వ్రాయవలెను. కొలువని దినమున గడి ఖాళీగా నుండవలెను. నిన్నటి అంకెతో నింపరాదు. తప్పిన అంకెను చెరుపక, గీత కొట్టి, ప్రక్కన సరియైనది వ్రాసి సంతకము చేయవలెను. అప్పుడప్పుడు ఒకే నీటిని రెండు సీసాల నింపి వేరు గుర్తులతో పరీక్షకు పంపవలెను; రెండు ఫలితములు కలిసిననే పద్దునకు నమ్మిక.

చేపల చెరువుల సోదరులు దీనిని నేరారోపణగా తలపవలదు. పద్దు ఎవరి పక్షమును వహింపదు. పట్టణపు మురుగెంత, పొలముల యెరువెంత, చెరువులు వదలినదెంతయని వేరుపరుపవలెనన్న పద్దే యాధారము. అది లేనినాడు నింద బలము లేనివాని మీదికి, లంకలలో వల వేసి బ్రతుకువాని మీదికి పోవును.

ఆ పుస్తకపు ప్రతి యొకటి ఈ గ్రంథాలయమున, తెలుగున, ఎవరు కోరినను చదువుటకు వీలుగా నుండవలెనని నా ప్రార్థన. ఈ మాసముననే మొదటి పద్దు వ్రాసినచో స్వర్ణోత్సవము నాటికి మూడువందల నెలల లెక్క ఇచట నుండును. నాటి సభలో మాటలాడువారు కొల్లేటిని గూర్చి ఊహింప నక్కరలేదు. పుస్తకము తెరచి చదివిన చాలును.