కూపన్ ముందా? చిట్టా ముందా?



నలుగురు ఆడవాళ్లు ఒకచోట కలిస్తే ఈ రోజుల్లో ముందుగా వచ్చే మాట ధరలే. ఇంటికి వచ్చే జీతం ఏడాదికొకసారి పెరిగితే అదే గొప్ప. పప్పూ నూనెల ధరలకు ఆ నియమమేమీ లేదు. ఇంటి అద్దె మన చేతిలో లేదు, పిల్లల ఫీజులు మన చేతిలో లేవు. పిండి కొద్దీ రొట్టె అని సరిపెట్టుకోవడానికి మనకు మిగిలింది ఒక్క వెచ్చాల పద్దు. అందుకే దాన్ని గురించి ఈ నాలుగు మాటలు.

పొద్దున్నే పేపరు మధ్యలోంచి జారిపడే రంగు కాగితం, ప్యాకెట్‌తో వచ్చే కూపన్, దుకాణం వారి కార్డులో జమపడే పాయింట్లు, సెల్‌ఫోనుకు వచ్చే ఆఫరు – వ్యాపారస్థులు మనల్ని పిలిచే మార్గాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వీటిని బొత్తిగా తోసిపుచ్చనక్కర్లేదు. అలాగని వాటి వెంట పరుగెత్తడమూ తగదు. అమెరికాలో కూపన్లు కత్తిరించి గదులనిండా సరుకులు పేర్చుకొనే వారి మీద 2011లో టెలివిజన్‌లో ఒక వరుస కార్యక్రమమే వచ్చింది. మనకంత తీరిక ఎక్కడిదండీ? నెలకొక అరగంట చాలు. పెద్ద చదువులూ అక్కర్లేదు. నాలాగా మెట్రిక్ చదివిన వారికి వచ్చిన కూడికలూ తీసివేతలూ సరిపోతాయి.

మొదటి పని చిట్టా రాయడం. కూపన్ల జోలికి పోకముందే వంటింట్లో డబ్బాల మూతలు తీసి, ఏది ఎంత ఉందో, ఏది ఎంత కావాలో కాగితం మీద పెట్టండి. ఆ తరువాతే కూపన్లు బయటకు తీయండి. చిట్టాలో ఉన్న వస్తువుకు కూపన్ ఉంటే పక్కన టిక్కు పెట్టుకోండి. చిట్టాలో లేని వస్తువుదైతే పక్కింటి వారికి ఇచ్చేయండి, వారికైనా పనికొస్తుంది. అక్కర్లేని వస్తువును సగం ధరకు కొంటే మనకు సగం డబ్బు మిగిలినట్టు కాదు, సగం డబ్బు పోయినట్టు.

ఇక "వెయ్యి రూపాయలకు కొంటే 50 రూపాయల తగ్గింపు" అంటారు. మీ చిట్టా ప్రకారం 880 రూపాయలు అయిందనుకోండి. వెయ్యి దాటించాలని 130 రూపాయల బిస్కట్లూ చిప్సూ బుట్టలో వేస్తే 1,010. అందులో 50 పోగా కట్టింది 960. చేతి నుంచి అదనంగా పోయింది 80 రూపాయలు! ఆ 130 రూపాయలకు వచ్చే నెలలో ఎలాగూ కావలసిన సబ్బులో, ఉప్పో కొంటే అది వేరు సంగతి. అప్పుడు 50 రూపాయలూ నిజంగా మనవే.

తరువాత, తగ్గింపు దేనిలోంచి ఇస్తున్నారో చూడాలి. ప్యాకెట్ మీద ఉండేది గరిష్ఠ చిల్లర ధర, అంటే పన్నులన్నీ కలిపి అంతకు మించి అమ్మకూడదన్న ధర. అంతకు తక్కువకు ఎవరైనా అమ్మవచ్చు. కిలో కందిపప్పు మీద 240 వేసి, 25 శాతం తగ్గించి 180కి ఇచ్చారనుకుందాం. వీధి చివరి కొట్టులో అదే రకం పప్పు 170కే దొరుకుతుంటే, మనకు 60 మిగిలినట్టా, 10 పోయినట్టా? ఇది తెలియాలంటే చిన్న నోటుపుస్తకం ఒకటి పెట్టుకోండి. బియ్యం, కందిపప్పు, మినప్పప్పు, నూనె, పంచదార, కాఫీపొడి – ఇలా తప్పనిసరిగా కొనే పది సరుకులను ఎక్కడ ఎంతకు కొన్నారో రాయండి. రెండు మూడు నెలలు తిరిగేసరికి ఏది నిజమైన తగ్గింపో మీకే తెలిసిపోతుంది.

ధరతో పాటు బరువూ చూడాలి సుమండీ. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. చూపులకు అలాగే ఉండే ప్యాకెట్లలో 850 గ్రాములవీ ఉంటాయి. 910 గ్రాములది 145 రూపాయలు, 850 గ్రాములది 139 రూపాయలు అనుకోండి. చెయ్యి 139 వైపే పోతుంది. కాని 100 గ్రాములకు లెక్క కడితే మొదటిది 15 రూపాయల 93 పైసలు, రెండవది 16 రూపాయల 35 పైసలు. గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీదే ముద్రించాలన్న నిబంధన కొన్నేళ్ల క్రితం వచ్చింది. అక్షరాలు చిన్నవి కనుక కళ్లజోడు మరచిపోకండి.

"రెండు కొంటే ఒకటి ఉచితం" అన్నది సబ్బులకు, ఉప్పుకు బాగానే ఉంటుంది. రవ్వా, శనగపిండీ వానాకాలంలో మూడేసి ప్యాకెట్లు తెస్తే పురుగుల పాలు. గడువు తేదీ కూడా చూసుకోండి. గడువు దగ్గరపడ్డ సరుకును ఇలా వదిలించుకోవడమూ ఉంది.

కూపన్ లేకుండానే వచ్చే తగ్గింపు కూడా ఉంది, అది రుతువు ఇచ్చేది. కొత్త కందిపప్పు సంక్రాంతి తరువాత, ఎండుమిరపకాయలు, చింతపండు ఎండలు ముదిరే రోజుల్లో చూసుకొని, ఎండబెట్టి నిలవ చేసుకోవడం మన పెద్దవాళ్లు నేర్పిన విద్యే. కూరగాయలకు రైతు బజార్లు ఉన్నాయి. 1999 జనవరి 26న ఇవి మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతే అమ్ముకొంటాడు, ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి. అయితే ఆటోకు 60 రూపాయలు పోసి వెళ్లి 40 రూపాయలు మిగిల్చుకొని రావడం ఆదా కాదు. దారిలో ఉంటేనో, ఇరుగుపొరుగు కలిసి వెళితేనో బాగుంటుంది. మన సమయానికీ విలువ ఉంది. ఇంట్లో వాళ్లు దాన్ని లెక్కలో వేయకపోయినా మనమైనా వేసుకోవాలి.

చివరగా ముఖ్యమైన సంగతి. ఇంత శ్రమపడి మిగిల్చిన డబ్బు ఏమవుతోంది? పర్సులోనే ఉంటే పాలవాడికో, పిల్లల చాక్లెట్లకో ఐపోతుంది. మిగిల్చామన్న తృప్తి తప్ప మన దగ్గర ఏమీ ఉండదు. సరుకులు తెచ్చిన రోజే బిల్లు చూసి, తగ్గిన మొత్తాన్ని వేరే తీసిపెట్టండి. పోస్టాఫీసులో అయిదేళ్ల రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతోనే మొదలుపెట్టవచ్చు. నెలకు 300 వేసినా అయిదేళ్లకు అసలే 18,000, వడ్డీ అదనం. ఆ ఖాతా మీ పేరు మీదే తెరవండి. ఇల్లాలు ఏం సంపాదిస్తుందని ఎవరైనా అడిగితే పాస్‌బుక్ తీసి చూపించవచ్చు. రేపు అమ్మాయి కాలేజీ పుస్తకాలకో, మీ కంటి ఆపరేషన్‌కో ఎవరి ముందూ చెయ్యి చాచనక్కర్లేదు.

కనుక వచ్చే నెల వెచ్చాలకు బయలుదేరే ముందు కత్తెర కంటే ముందుగా కలం చేతపట్టండి. సెలవు.