కాన్పు గదిలో రెండు న్యాయాలు



1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లును బాబాసాహెబ్ సమర్థించారు. కార్మికురాలి కాన్పు భారంలో కొంత యజమాని మోయాలన్నది ఆయన వాదన. ఇప్పుడు ఆ భారం ఎవరి మీద పడుతోంది?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో ప్రభుత్వ ఆసుపత్రి కాన్పుల్లో సిజేరియన్లు 14.3 శాతం, ప్రైవేటులో 47.4. తెలంగాణలో ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వంలోనూ 44.5. అవసరమైనప్పుడు ఆపరేషన్ తల్లీబిడ్డల ప్రాణం కాపాడుతుంది. కానీ ఆసుపత్రి మారితే అవసరం మూడింతలవుతుందా?

ప్రైవేటుకు పోతే అప్పు, సర్కారు దవాఖానకు పోతే చీదరింపు. మన ఆడబిడ్డలకు మిగిలింది ఈ రెండే కాకూడదు. కాన్పు గదిలో తల్లికి గౌరవం, పక్కన తోడు ఉండాలని 2017లో కేంద్రం తెచ్చిన 'లక్ష్య' కార్యక్రమమే చెబుతోంది. దాన్ని అమలు చేయమందాం. ఆసుపత్రులవారీగా, కులాలవారీగా సిజేరియన్ లెక్కలు బయటపెట్టమని అడుగుదాం.