మీట నొక్కే ముందు సున్న చూడాలి
(వేల్పూర్‌లో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యంత్రం దీపం వెలిగితే పని చేస్తోందనుకుంటాం. వెలగడం వేరు, సరిగ్గా మొదలుకావడం వేరు. 2019 ఏప్రిల్ 11న మన నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వారిలో 178 మంది రైతులే. పసుపుకు గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కావాలని నిలబడ్డారు. ఈ ఊళ్ళవారికి నేను చెప్పనక్కరలేదు.

1996లో నల్గొండలో 480 మంది నిలబడితే బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఇక్కడ పాత యంత్రం 64 పేర్లకు మించి పట్టదు కనుక ఎం-3 రకం తెచ్చారు. నోటాతో కలిపి 186 పేర్లు; ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు 16 మీటలు, అంటే 12 యూనిట్లు.

ఇన్నింటినీ ఒక తాటిపైకి తేవడమే అసలు పని. కంట్రోల్ యూనిట్ ఆపి వుంచి తీగలు కలపాలి. ప్రతి యూనిట్‌కు 01 నుంచి 12 వరకు వరుస అంకె సరిగా వుండాలి. అది లేకుంటే ఏ మీట ఏ అభ్యర్థిదో యంత్రానికి తెలియదు. స్విచ్ వేయగానే వివిప్యాట్ తన్ను తాను పరీక్షించుకొని 7 చీటీలు కోసి పడేస్తుంది. 'లింక్ ఎర్రర్' వస్తే ముందు ఆపాలి, తర్వాతే తీగ ముట్టాలి.

ఆపైన మాక్ పోల్. కనీసం 50 ఓట్లు, పైగా ప్రతి పేరుకూ ఒక్కటైనా. చీటీ 7 సెకన్లు కనబడుతుంది కనుక 186 మీటలకు ఆ సమయమే 21 నిమిషాలు దాటుతుంది. అందుకే ఇక్కడ పోలింగ్ 8 గంటలకు మొదలుపెట్టారు. తొందరపడి పది పేర్లు నొక్కి సరిపెడితే నూటడెబ్భైయారు మంది సంగతేమిటి?

తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్. వరుస తప్పితే యంత్రం ఒప్పుకోదు. మొత్తం సున్న అని ఏజెంట్లకు చూపాలి. మాక్ చీటీలు తీసి ముద్ర వేసి నల్ల కవరులో పెట్టాలి. పాత రోజుల్లో ఇనుప పెట్టె తెరిచి ఖాళీ అని చూపేవాళ్ళం గదా, అదే ఇది. కొత్త సర్క్యూట్ బోర్డులో తప్పు వెతికే ఇంజనీర్లు కూడా ముందు రీసెట్ చేసి, తెలిసిన స్థితికి తెచ్చాకే వెతుకుతారట. పాత లెక్క లోపల మిగిలివుంటే కనబడే తప్పు ఎక్కడిదో చెప్పలేం.

ఎన్నికల డ్యూటీకి వెళ్ళే మన పిల్లలకు ఒక్కమాట. పోలింగ్ నడుమ కంట్రోల్ యూనిట్ గాని బ్యాలెట్ యూనిట్ గాని చెడితే అక్కడ విప్పి బాగుచేయకూడదు. సెట్టు మొత్తం మార్చి, మళ్ళీ ప్రతి పేరుకూ ఒక్కో ఓటు వేసి, చెరిపి మొదలుపెట్టాలి. చెడిన సెట్టులో అప్పటికే పడిన ఓట్లు అలాగే వుంటాయి. దాన్ని సీలు వేసి అప్పగించాలి; దాని క్లియర్ మీట జోలికి మాత్రం పోవద్దు.