వాడ తోటకు నీళ్లు ఎవరు మోయాలి?

(వాడ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పక్క ఊళ్ల సంఘాల నుంచి వచ్చిన మీరు మా వాడ కూరగాయల తోట గురించి చెప్పుమన్నారు. పండిన సంగతి తర్వాత. ముందు ఎండిన సంగతి చెప్తాం.

మా తల్లులు, తాతలు పటేళ్ల తోటల్లో మోట కొట్టారు, కలుపు తీశారు. ఇంటికొచ్చేటప్పుడు కొంగు విప్పి చూపించాల్సి వచ్చింది. గట్టు మీది తోటకూర తెంపినా తిట్లే. అందుకే మనకంటూ ఒక తోట ఉండాలనుకున్నాం. కమ్యూనిటీ హాలు వెనక మూడు గుంటల జాగలో తుమ్మలు కొట్టేసి, 22 గడపలకు 22 మడులు గీశాం. డప్పు కొట్టి మొదలుపెట్టాం. ఉపన్యాసాలూ ఇచ్చాం. రెండో నెలకే తోట ఎండిపోయింది.

నీళ్లు లేక కాదు. బోరింగు బాగానే నడుస్తున్నది. మరి మోసేదెవరు? ఆడవాళ్లే. పొద్దంతా నాటుకు పోయి, వచ్చి పొయ్యి రాజేసి, మళ్లీ చీకట్లో బిందెలు మోయాలంటే ఏ ఒళ్లు ఓర్చుకుంటది? మేం మగవాళ్లం హాలు అరుగు మీద కూర్చుని భూమి సమస్య చర్చించుకుంటున్నాం. పంతుళ్లమని పేరున్న మేమూ ఒక్క బిందె ఎత్తిన పాపాన పోలేదు.

మీటింగులో ఒక అవ్వ లేచి అడిగింది: "పటేలు తోటల చేసిన ఎట్టి పోయిందనుకున్నం. మన తోటల గూడ ఎట్టేనా బిడ్డా?" మా దగ్గర జవాబు లేదు. 1942 జూలైలో నాగపూర్ మహిళల సభలో బాబాసాహెబ్, ఆడవాళ్లు సాధించిన ప్రగతితోనే జాతి ప్రగతిని కొలుస్తానన్నారు. ఆయన బొమ్మను గోడకు పెట్టుకున్నాం, మాటను మరిచిపోయాం.

రెండోసారి మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. మడి ఇంటి ఆడమనిషి పేర ఉంటది. నీళ్లు మగవాళ్ల వంతు; వరస హాలు గోడ మీద రాస్తాం. వంతు తప్పినాయన మరుసటి వారం రెండు వంతులు మోయాలి. మగదిక్కు లేని ఇండ్ల మడులకు యువకులు పోస్తారు. ఏ రోజు ఏం విత్తాం, ఎప్పుడు కోశామన్నది బడి పిల్లలు నోటుబుక్కులో రాస్తారు.

పని పద్ధతి కూడా చెప్తాం. మడి మూడడుగుల వెడల్పు చాలు. లోపల కాలు పెట్టకుండా రెండు పక్కల నుంచి చెయ్యి అందాలి. మాగిన పెంటే వేయాలి. తోటకూర, పాలకూర నెలకల్లా కోతకొస్తాయి. బెండ, గోరుచిక్కుడు నేరుగా విత్తాలి. వంగ, టమాట, మిరపకు నారు పోసి నాటాలి. బీర, చిక్కుడు కంచెకు పాకించాలి. ఆకుకూర అంతా ఒక్కరోజే విత్తవద్దు, పదిహేను రోజుల తేడాతో విత్తితే ఎప్పుడూ కూర ఉంటది. పురుగు పడితే అరకిలో వేపగింజల పొడి పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం కొట్టాలి. బోరింగు కింద పారే నీళ్లకు కాలువ తీస్తే సగం మోత తప్పుతది.

విత్తనాలు కొనలేదు. అటకల మీద బూడిదలో కలిపి దాచిన విత్తనాలు అవ్వలే తెచ్చారు. జహీరాబాద్ ప్రాంతంలో దళిత ఆడవాళ్ల సంఘాలు 1980ల నుంచి బీళ్లు సాగుచేసి, పాత విత్తనాలు కాపాడి, 2019లో ఈక్వేటర్ బహుమతి తెచ్చుకున్నాయి. ఆ తెలివి మన ఇండ్లల్లోనూ ఉన్నది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువని తేలింది. ఆకుకూర ఒక్కటే మందు కాదు, ఐరన్ గోలీలూ మింగాలి. కానీ అందరికీ వడ్డించి అడుగు మిగిలిందే తినే తల్లి పళ్లెంలో కూర పడాలంటే తోట దగ్గరుండాలి. అందుకే మొదటి కోత అమ్మం. బాలింతల, గర్భిణుల ఇండ్లకు పోయాకే మిగతా వాటాలు.

మీ ఊళ్లో గడ్డపార పట్టేముందు గోడ మీద నీళ్ల వరస రాయండి. మొదటి పేరు సంఘం నాయకుడిదే ఉండాలి. మా వరసలో ఈ శుక్రవారం మా వంతు.

జై భీమ్!