ఒకే పుస్తకం ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదు



వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇంగ్లీషును రెండో భాషగా నేర్పడం గురించి మాట్లాడమని మమ్మల్ని కోరారు. అది అమెరికా వంటి దేశాల సమస్య అని పైకి తోస్తుంది. కానీ దాని మూలంలో ఉన్న ప్రశ్న మనది కూడా: బడి భాష ఇంట్లో వినిపించని పిల్లల పట్ల ఆ బడి బాధ్యత ఏమిటి?

ఈ ప్రశ్న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో న్యాయస్థానం దాకా వెళ్లింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు రాని చైనా సంతతి విద్యార్థులు 2,856 మంది ఉండేవారు. వారిలో సుమారు వెయ్యి మందికి మాత్రమే ఇంగ్లీషులో అదనపు బోధన అందేది. మిగిలిన 1,800 మందికి పైగా పిల్లలు అర్థంకాని పాఠాలు వింటూ కూర్చునేవారు. వారి పక్షాన దావా పడింది. అందరికీ ఒకే బడి, ఒకే పుస్తకం ఇచ్చినప్పుడు వివక్ష ఎక్కడుందన్న వాదనను కింది కోర్టులు అంగీకరించాయి.

అమెరికా సుప్రీంకోర్టు అంగీకరించలేదు. 'లావ్ వర్సెస్ నికోల్స్' కేసులో 1974 జనవరి 21న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా పిల్లల పక్షాన తీర్పు ఇచ్చారు. ఒకే సౌకర్యాలు, ఒకే పాఠ్యపుస్తకాలు కల్పించినంత మాత్రాన సమానంగా చూసినట్లు కాదని, ఇంగ్లీషు అర్థంకాని విద్యార్థికి అర్థవంతమైన చదువు దూరమైనట్లేనని జస్టిస్ విలియం డగ్లస్ తీర్పు సారాంశం. అందుకు ఆధారం 1964 నాటి పౌరహక్కుల చట్టం. అంటే భాష నేర్పడం దయ కాదు, హక్కుకు సంబంధించిన విషయం.

ఏ పద్ధతిలో నేర్పాలో ఆ తీర్పు చెప్పలేదు. 1981లో 'కాస్టనేడా వర్సెస్ పికార్డ్' కేసులో ఒక అప్పీలు కోర్టు మూడు ప్రశ్నలు ముందుంచింది. ఎంచుకున్న పద్ధతికి సరైన విద్యా సిద్ధాంతం ఆధారంగా ఉందా? దాన్ని అమలు చేయడానికి తగిన ఉపాధ్యాయులు, వనరులు ఉన్నారా, ఉన్నాయా? కొంతకాలం తర్వాత పిల్లలకు భాష నిజంగా వచ్చిందా?

ఇక్కడ ఉపాధ్యాయులు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. రోజువారీ సంభాషణకు కావలసిన ఇంగ్లీషు సుమారు రెండేళ్లలో పట్టుబడుతుందని, పాఠాలకు కావలసిన ఇంగ్లీషుకు అయిదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చని కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ వివరించారు. ఆటస్థలంలో గలగలా మాట్లాడిన పిల్లవాడు పరీక్షలో తప్పితే వాడిని మొద్దు అనడం ఎంత అన్యాయమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంటి భాషలో బలపడిన ఆలోచన రెండో భాషకు పునాది అవుతుందని కూడా ఆయన చెప్పారు.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. మన పిల్లలు వలస వచ్చినవారు కారు, ఈ నేలలోనే పుట్టినవారు. అయినా దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇంటి నుంచి ఇంగ్లీషు మీడియం తరగతిలోకి అడుగుపెట్టిన పాప పరిస్థితి శాన్‌ఫ్రాన్సిస్కో పిల్లలకు దగ్గరగానే ఉంటుంది. మేడమీద ఆరవేసిన బట్టలు ఎలా ఆరాయో ఆ పాప తన భాషలో చక్కగా చెప్పగలదు. ఆమెకు తెలియనిది సైన్సు కాదు, ఇంగ్లీషు మాట. ముందు ఆమెను తన భాషలో చెప్పనిచ్చి, తర్వాత ఆ మాటను అందిస్తే రెండూ నిలుస్తాయి.

ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని 1956లో మన రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతోంది. మేము ఇంగ్లీషు వద్దనడం లేదు. బిడ్డకు ఇంగ్లీషు రావాలన్న తల్లి ఆశ న్యాయమైనది. ఆ ఆశ నెరవేరాలంటే బోర్డు మీద 'ఇంగ్లీషు మీడియం' అని రాస్తే చాలదు.

కనుక ఈసారి బడికి వెళ్లినప్పుడు ఆ మూడు ప్రశ్నలనూ మనం అడుగుదాం. ఉర్దూ తెలిసిన ఉపాధ్యాయులు ఉన్నారా అని అడుగుదాం. ఇంటి భాషలో మాట్లాడినందుకు పిల్లలను శిక్షించవద్దని గట్టిగా చెబుదాం. పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన భాష లోపం కాదు. చదువు దానిమీదనే నిలబడాలి.