జవాబు పేరాలోనే ఉంది

(పల్లెల్లో ఆడపిల్లలకు సాయంకాలం చదువు చెప్పే కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఇంగ్లీషు పరీక్ష గొడవేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మన సంఘాల దాకా వచ్చే సమస్యలను ఒకసారి గుర్తు చేసుకోండి. పదిహేనేళ్ళ పిల్లకు సంబంధం చూస్తున్నారని కబురొస్తుంది. మనం వెళ్తాం. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం గురించి చెబుతాం. తండ్రి అంతా వింటాడు. విని, "చదివిద్దామనే అనుకున్నామమ్మా, ఇంగ్లీషులో పోయింది. ఇంట్లో కూర్చోబెట్టుకుని ఏం చెయ్యమంటారు?" అంటాడు. చట్టం పెళ్ళిని ఆపుతుంది. ఆ పిల్ల మర్నాటి నుంచి ఎక్కడికి వెళ్ళాలో చట్టం చెప్పదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా 14 ఏళ్ళతో చేతులు దులుపుకుంటుంది. పదో తరగతి పిల్ల వయసు పదిహేను. సరిగ్గా అవసరమైన ఏడాదికే ఆమె చేయి వదిలేశారు.

పది పాసైతే ఇంటర్ ఉంది, పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది. అంగన్‌వాడీ కార్యకర్త ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా పది పాసై ఉండాలి. ఒక్క సబ్జెక్టులో తప్పితే ఇవన్నీ ఒకేసారి మూసుకుపోతాయి. మగపిల్లవాడు తప్పితే సప్లిమెంటరీ కట్టిస్తారు. ఆడపిల్ల తప్పితే సంచీ, టిఫిను గిన్నె చేతికిస్తారు. ఇంట్లో ఈ రెండు తీర్పులూ ఇచ్చేది ఒకే మనిషి.

మన గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో దీనికి తోడు పంటల లెక్క ఒకటుంది. కార్తీకం దాటితే పత్తి తీతలు. సంక్రాంతి నుంచి మిరప కోతలు. కోశాక కల్లాల్లో ఎండబెట్టడం, తాలు ఏరడం, తొడిమలు తీయడం. గుంటూరు మిర్చి యార్డుకు కొత్త కాయ పోటెత్తే నెలలూ, పదో తరగతి పిల్లలు పుస్తకం పట్టుకోవాల్సిన నెలలూ ఒకటే. పరీక్షలు మార్చిలో. చేలో చేతులు చాలనప్పుడు ఇంట్లో మొదట కనబడేవి ఆడపిల్ల చేతులే. కర్నూలు వైపు నుంచి, ప్రకాశం పడమటి మెట్టల నుంచి కోతలకు వలస వచ్చే కుటుంబాల పిల్లల సంగతి మరీ కష్టం. వాళ్ళ బడి ఒక ఊళ్ళో, బతుకు ఒక ఊళ్ళో. అందుకే ఈ పిల్లకు ఏడాది పొడుగునా ఇంగ్లీషు నేర్పే పథకం నేను చెప్పబోవడం లేదు. సాయంత్రం కారం మంటెక్కిన చేతులతో వచ్చే పిల్లకు, రోజుకో గంట చొప్పున, నలభై రోజుల్లో ఏం చేయగలమో అదే చెబుతాను.

పాసు మార్కు 35. ప్రశ్నపత్రంలో ఇచ్చిన పేరా చదివి జవాబు రాసే భాగానికి దాదాపు మూడో వంతు మార్కులు ఉంటున్నాయి. పేరా అంటే పాఠ్యపుస్తకంలోది ఒకటి, ఎన్నడూ చూడనిది ఒకటి, ఒక పట్టికో గ్రాఫో ఒకటి. నేను ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలు కట్టలు దిద్దాను. మన పిల్లలు గైడులో బట్టీ పట్టిన ఉత్తరం నాలుగు పేజీలు రాస్తారు. పేరా ప్రశ్నల దగ్గర తెల్లకాగితం వదిలేస్తారు. కారణం అడిగితే, "అది చదవలేదు టీచర్, మా పుస్తకంలో లేదు" అంటారు. ప్రశ్నపత్రం మొత్తంలో జవాబును కూడా అచ్చువేసి చేతికిచ్చేది ఆ భాగం ఒక్కటే. ఆ మాట పట్నం బడుల్లో ఫీజులు కట్టిన పిల్లలకు తెలుసు. పల్లె పిల్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక విషయానికొస్తాను. పట్నం ట్యూషన్లలో ముందు పేరా రెండుసార్లు చదవమంటారు. గడగడా చదివేవాళ్ళకు అది మంచి సలహానే. కూడబలుక్కుని చదివే పిల్ల పేరా రెండుసార్లు చదివితే అరగంట పోతుంది, ధైర్యం కూడా పోతుంది. మన పిల్లకు తిరగేసి చెప్పండి. ముందు ప్రశ్నలు. ఆ తర్వాతే పేరా. పరీక్షలో ప్రశ్నపత్రం చదువుకోవడానికని పదిహేను నిమిషాలు విడిగా ఇస్తున్నారు. దాన్ని చాలామంది దేవుడికి దణ్ణం పెట్టుకోవడానికి వాడుతున్నారు. దణ్ణం ఇంటి దగ్గర పెట్టుకోవచ్చు. ఆ పదిహేను నిమిషాలూ పేరా ప్రశ్నలకే వాడాలి.

ఒక చిన్న పేరా నేనే రాశాను. వినండి.

"ద రెయిన్ కేమ్ బిఫోర్ ద చిల్లీస్ వర్ డ్రై. మెనీ ఫార్మర్స్ సోల్డ్ దెమ్ ఎట్ ఎ లో ప్రైస్. రమణమ్మ డిడ్ నాట్ సెల్. షి కవర్డ్ హర్ చిల్లీస్ విత్ ఎ టార్పాలిన్ అండ్ వెయిటెడ్ ఫర్ ద సన్. ఎ వీక్ లేటర్ షి గాట్ ఎ బెటర్ ప్రైస్."

మొదటి ప్రశ్న: "వై డిడ్ మెనీ ఫార్మర్స్ సెల్ ద చిల్లీస్ ఎట్ ఎ లో ప్రైస్?" పిల్లకు ప్రశ్నలో మొదటి మాట చూడడం నేర్పండి. హూ అంటే మనిషి కోసం వెతకాలి. వెన్ అంటే కాలం, వేర్ అంటే చోటు, హౌ మెనీ అంటే అంకె. వై అంటే కారణం. ఇవి గోడమీద రాసి ఉంచితే వారంలో వస్తాయి. తర్వాత, ప్రశ్నలో ఉన్న గట్టి మాటలు ఏవి? ఫార్మర్స్, లో ప్రైస్. ఆ మాటలు పేరాలో ఎక్కడున్నాయో వేలితో వెతకమనండి. రెండో వాక్యంలో దొరికాయి. కారణం ఆ వాక్యంలో లేదు. అప్పుడు దాని పై వాక్యం, కింది వాక్యం చూడాలి. పైన వాన ఉంది. "బికాజ్ ద రెయిన్ కేమ్ బిఫోర్ ద చిల్లీస్ వర్ డ్రై." అంతే, జవాబు పూర్తయింది. ఇందులో పిల్ల సొంతంగా కలిపిన మాట బికాజ్ ఒక్కటే.

పూర్తి వాక్యం రాయమంటే సగం వాక్యం ప్రశ్నలోనే ఉంటుంది. "మెనీ ఫార్మర్స్ సోల్డ్ ద చిల్లీస్ ఎట్ ఎ లో ప్రైస్ బికాజ్..." అని మొదలుపెట్టాలి. ఇక్కడొక మెలిక. ప్రశ్నలో డిడ్ ఉంది కాబట్టి సెల్ అని ఉంది. జవాబులో డిడ్ తీసేస్తాం, సెల్ కాస్తా సోల్డ్ అవుతుంది. ఈ ఒక్కటి పదిసార్లు చేయించండి. వ్యాకరణం పేరెత్తకుండా చేయించండి.

రెండో ప్రశ్న: రెండో వాక్యంలో "దెమ్" అంటే ఎవరు? పిల్లలు "ఫార్మర్స్" అంటారు, ఆ మాట పక్కనే ఉంది గనుక. ఫార్మర్స్‌ను ఎవరైనా అమ్ముతారా అని అడగండి. నవ్వుతారు. నవ్వాక చిల్లీస్ అంటారు. దెమ్, ఇట్, షి, హిజ్ లాంటి మాటలు కనబడితే ఆ చోట అసలు పేరు పెట్టి చదవడం అలవాటు చేయాలి. పేరా సగం విడిపోతుంది.

మూడోది, నాలుగింటిలో ఒకటి ఎంచుకునే ప్రశ్న. "ఆల్ ద ఫార్మర్స్ సోల్డ్ దెయిర్ చిల్లీస్" అని ఒకటి ఉందనుకోండి. పేరాలో ఉన్నది మెనీ. ఇక్కడ ఆల్ పెట్టారు. ఆల్, ఓన్లీ, నెవర్, ఆల్వేస్, నాట్ అన్న అయిదు మాటల కింద పెన్సిలుతో గీత గీయమనండి. తప్పు జవాబులు చాలావరకు వీటి చాటునే దాక్కుంటాయి. మన ఆడవాళ్ళకు తాలు ఏరడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఎర్రకాయ ఏదో వెతకడం కన్నా తెల్లబడ్డది తీసి పక్కన పడేయడం తేలిక. ఇక్కడా అంతే. తప్పని తెలిసినవి రెండు తీసేస్తే మిగిలేవి రెండే. పదో తరగతిలో తప్పు జవాబుకు మార్కు కోయరు. కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

నాలుగో ప్రశ్న నాకు చాలా ఇష్టం. "రమణమ్మ వాజ్ ఎ పేషెంట్ ఉమన్. ట్రూ ఆర్ ఫాల్స్?" మన పిల్లలకు పేషెంట్ అంటే గుంటూరు పెద్దాసుపత్రి. "రమణమ్మకు జబ్బని పేరాలో లేదు, ఫాల్స్" అంటారు. వాళ్ళు ఆలోచించిన తీరు సరైనదే, మాటే మోసం చేసింది. ఇలాంటప్పుడు తెలిసిన అర్థం ఆ చోట అతకకపోతే దానికి ఇంకో అర్థం ఉందేమోనని అనుమానించాలి. రమణమ్మ ఏం చేసింది? అందరూ అమ్మితే తను ఆగింది. ఎండ కోసం కాచుకుంది. అలాంటి మనిషిని ఏమంటాం? ఓపిక గల మనిషి అంటాం. ట్రూ. తెలియని మాట ఎదురైనా ఇదే దారి. మాట దగ్గర ఆగిపోకుండా, మనిషి ఏం చేసిందో చూడాలి.

పట్టికలూ గ్రాఫులూ ఇంకా తేలిక. వాటిలో ఇంగ్లీషు తక్కువ, అంకెలు ఎక్కువ. కాటా దగ్గర తూకాలు, ధరలు, తరుగు లెక్క చూసిన పిల్లకు హయ్యెస్ట్, లోయెస్ట్, మోర్ దాన్, లెస్ దాన్ అన్న నాలుగు మాటలు చెబితే చాలు. ఆ భాగంతోనే మొదలుపెట్టించండి. మొదటి వారంలో మార్కులు కనబడిన పిల్ల రెండో వారం వస్తుంది.

ఒక ఇబ్బంది మాత్రం చెప్పాలి. మన పిల్లలు పేరాను వదిలేసి తమకు తెలిసింది రాస్తారు. పత్తి గురించి పేరా ఇస్తే, పేరాలో లేని పురుగుమందుల ధరలు, వాళ్ళ నాన్న అప్పు అన్నీ రాసేస్తారు. రాసిందంతా నిజమే, మార్కులు మాత్రం సున్నా. దీన్ని గురించి నాకు కొంచెం బాధ ఉంది. ఎందుకంటే చదివినదాన్ని బతుకుతో కలిపి చూడడమే అసలైన చదువని మన ఉద్యమాలే చూపించాయి. మన పక్క నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా తరగతుల వాచకంలో, ఆడవాళ్ళంతా కలిసి సారా కొట్టు మూయించిన ఊరి కథ ఒక పాఠంగా ఉండేది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, ఇది మన ఊరి సంగతే కదా అనుకున్నారు. వెళ్ళి సారాకు అడ్డం పడ్డారు. 1992లో అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ ఆడవాళ్ళకు ఎవరైనా "పాఠంలో ఉన్నదే రాయి" అని పరీక్ష పెట్టి ఉంటే ఏమయ్యేదో!

అయినా పిల్లలకు తేడా చెప్పక తప్పదు. "పేరా ప్రకారం" అని అడిగితే పేరాలోది. "నువ్వైతే ఏం చేస్తావు, నీ అభిప్రాయం ఏమిటి" అని అడిగితే మీది. అలాంటి ప్రశ్న కూడా అప్పుడప్పుడు ఇస్తున్నారు. అక్కడ మాత్రం మన పిల్లలను ఎవరూ కొట్టలేరు. "యూ" అన్న మాట ప్రశ్నలో ఉందో లేదో చూసుకోమనండి.

పేరాలో ఉన్నదేదో, మనం ఊహించుకున్నదేదో విడదీసి చూడడం తర్వాత కూడా పనికొస్తుంది. అప్పు కాగితం మీద సంతకం పెట్టమన్నప్పుడు ఏజెంటు నోటితో చెప్పింది ఒకటి, కాగితంలో ఉన్నది ఒకటి. పురుగుమందు డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదకరం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మందు కొట్టిన చేలోకి మర్నాడే తీతలకు వెళ్ళే ఆడవాళ్ళలో ఆ డబ్బా చూసినవాళ్ళు ఎందరు? కొట్టేది మగవాళ్ళు, డబ్బా వాళ్ళ దగ్గరే ఉంటుంది. మీ కేంద్రంలో ఒక రోజు ఖాళీ డబ్బా మీది కాగితాన్నే పేరాగా పెట్టండి. డబ్బా తేవద్దు, కాగితం నకలు రాసుకుని తెండి. ఏ పంటకు, ఎంత మోతాదు, ఒంటి మీద పడితే ఏం చేయాలి అని మూడు ప్రశ్నలు అడగండి. పిల్ల ఇంటికెళ్ళి తల్లికి చెబుతుంది.

అభ్యాసానికి పేరాలు ఎక్కడివని అడుగుతున్నారు. కొనక్కర్లేదు. 2020-21 నుంచి ప్రభుత్వ బడి పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ఇచ్చారు. ఇంటింటా అటక మీద ఉంటాయి. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి సైన్సు, సోషల్ పుస్తకాలు తెప్పించండి. తెలుగు పేజీ చదివించి, మూసి, ఇంగ్లీషు పేజీలోంచి అయిదు ప్రశ్నలు అడగండి. విషయం ముందే తెలుసు కాబట్టి భయం ఉండదు. పది రోజుల తర్వాత వరస మార్చండి, ముందు ఇంగ్లీషు పేజీ. మీలో ఇంగ్లీషు రానివాళ్ళు కూడా ఈ పని చేయగలరు. జవాబు ఎదురు పేజీలో తెలుగులోనే ఉంటుంది.

తప్పిన పిల్లల జాబితా మాత్రం ఫలితాలు వచ్చిన రోజే రాసుకోవాలి. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆ సమయానికి పిల్ల ఏ మేనత్త ఊళ్ళోనో ఉంటుంది. హాల్ టిక్కెట్ నంబరు ఇప్పుడే మీ పుస్తకంలో ఎక్కించుకోండి. సప్లిమెంటరీలో పాసైనా అదే ఏడాది ఇంటర్‌లో చేరవచ్చని తండ్రికి ముందే చెప్పి ఉంచండి. ఫలితం వచ్చాక చెబితే వినే స్థితిలో ఉండడు.

రమణమ్మ పేరాను కాగితాల మీద రాయించి తెచ్చాను, తలా ఒకటి తీసుకోండి. కింద ఇంకో నాలుగు ప్రశ్నలున్నాయి. పేరా తర్వాత, ముందు ప్రశ్నలు చూడండి.