మురుగునీటి యందలి గంధక, నత్రజని పదార్థముల శుద్ధి



గాలి తగులక నిలిచిన మురుగునీటిలో సూక్ష్మజీవులు సల్ఫేటు లవణములను హైడ్రజను సల్ఫైడు వాయువుగా మార్చును. కుళ్లిన గ్రుడ్ల కంపు గల యీ విషవాయువు మితి మీఱినచో ఘ్రాణశక్తినే నశింపఁజేయును. కంపు లేదని కాలువలో దిగినవాఁడు ప్రాణములతో మరలుట దుర్లభము.

దీనికి విరుగుడు ఆ నీటిలోని అమ్మోనియా వలననే లభించును. గాలి యాడెడు తొట్టిలో సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చును. ఈ జాతులను వినోగ్రాడ్‌స్కీ 1890లో వేరుపఱచెను. ఆ నీటిని వెనుకకు మఱలించి, గాలి లేని తొట్టిలో సల్ఫైడుతోఁ గలిపినచో, థయోబాసిల్లసు వంటి జీవులు సల్ఫైడును దుర్వాసన లేని సల్ఫేటుగాను, నైట్రేటును నత్రజని వాయువుగాను మార్చును. సముద్రజలముతో మరుగుదొడ్లు కడుగు హాంకాంగులో నీ పద్ధతి పరీక్షింపఁబడి ఫలించినది.

కావున తొట్లకు గాలి యెడతెగక యందవలెను. కాలువలలో నీరు నిలువరాదు. రక్షణసామగ్రి లేక మనుష్యుని దింపుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము. ఆ ప్రాణముల భారము తమదే.